ఎదర వేసిన వల

నేను ఒక ఇసుక సంచిని. సంచి అనగానే బజారుకు పట్టుకెళ్లేదాన్ని ఊహించుకోకండి. పదిహేను బారల పొడవుంటాను, నిలబడ్డ మనిషి ఛాతీ దాకా వస్తాను. ఎక్కడో ఉక్కపోసే మిల్లులో నల్లటి ప్లాస్టిక్ దారంతో నన్ను నేసి, మూడు వరుసల కుట్టు వేసి, చాపలా చుట్టి లారీ ఎక్కించారు. అప్పటికి నాకు ఎవరి మీదా కోపం లేదు. లోపల ఏమీ లేని వస్తువుకు కోపం దేనికి?

మొగలిపేట ఒడ్డున నా నోట్లో పైపు దూర్చారు. సముద్రం అడుగునున్న ఇసుకను పంపు నీళ్లతో సహా తోడి నాలోకి కొట్టింది. నీళ్లు నేతలోంచి కారిపోయాయి, ఇసుక మిగిలింది. సాయంత్రానికి నేను ఇద్దరినయ్యాను. పట్టుకుని ఉండే చర్మం ఒకటి, వెళ్లిపోవాలనుకునే కడుపు ఒకటి. ఆ ఇసుక ఊరికే పడున్నది కాదు, ప్రయాణంలో ఉన్నది. నైరుతి గాలి నెలల్లో అలలు ఒడ్డును ఏటవాలుగా కొడతాయి. ఒక్కో అల గుప్పెడు ఇసుకను ఉత్తరానికి కాస్త జరుపుతుంది. మొగలిపేట మీదుగా ఇసకలపాలెం, అక్కడినుంచి ఆ పై ఊళ్లు. తీరం అలా నడుస్తూనే ఉంటుంది. మొగలిపేట ఒడ్డు కోసుకుపోకుండా నన్ను ఒడ్డుకు అడ్డంగా, సముద్రంలోకి చాచిన చెయ్యిలా పడుకోబెట్టి ఆ నడకను ఆపారు.

ఊరి పెద్ద తాతారావు నాకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టాడు. "మా ఊరికి తల్లివి" అన్నాడు. నా కడుపులో ఇసుక గింజలు ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయని అతనికేం తెలుసు?

పగ నాలో ఎక్కడ పుట్టిందో తరవాత చాలాసార్లు వెతుక్కున్నాను. కుట్టులోనా, కడుపులోనా? తెలియలేదు. తెలిసిందల్లా, పగ తీర్చుకోవడానికి నేను కదలనక్కర్లేదని. వాళ్లు చెప్పినట్టే పడుకుని ఉంటే చాలు. నా దక్షిణం పక్క మొగలిపేటకు ఇసుక పేరుకుంది. ఉత్తరం పక్క ఇసకలపాలెంలో అలలు తీసుకుపోవడమే గాని తెచ్చి వేసింది లేదు. ఒక తాటిచెట్టు పడింది. పడవలు ఆపుకునే దిబ్బ పోయింది. అది ఎవరి దిబ్బో నేను అడగలేదు. మనిషన్నవాడికి నొప్పి కలిగితే చాలనుకున్నాను.

మొగలిపేటలో పుట్టి ఇసకలపాలెం కోడలైన మసేనమ్మ తాతారావుకు తోడబుట్టిన అక్క. మొగుడు పోయాక చేపల తట్ట మోసి కట్టుకున్న ఇల్లు ఆమెది. సముద్రానికి మొదటి వరస. ఒకరోజు తట్ట దించకుండానే వచ్చి తమ్ముణ్ణి నా దగ్గరే నిలేసింది.

"నడిసొచ్చే ఇసకని నువ్వు పట్టీసి దాసుకుంటే మా ఊరికేటి మిగుల్తాదిరా?"

"నానేసినానేటప్పా? ఇంజినీర్లు ఏసినారు. ఆలనడుగు."

"కొబ్బరికాయ ఎవులు కొట్టినారు? ఇంజినీర్లా?"

పక్కన వల బాగుచేసుకుంటున్నవాళ్లు నవ్వారు. తాతారావు చెవులు ఎర్రబడ్డాయి. "మీ ఊరికీ ఒకటి ఏయించుకోండి. నాను రాయిస్తాను."

"ఏయించుకుంటే మా ఎనకున్నోలు ములిగిపోరా? ఎదర వల ఏసీసినావురా. అయ్య నీకిదే నేర్పినాడా?"

ఆ తీరంలో రెండు కట్టుబాట్లు ఉన్నాయి. చేపలు వచ్చే దారిలో ఒకడు వల వేసి ఉంటే, వాడికి ముందు ఇంకొకడు వల వేయకూడదు. వేస్తే ఎత్తేయాలి. రెండోది, ఎంత చిక్కుపడినా ఎదుటివాడి వలకు కత్తి తాకించకూడదు. మసేనమ్మ మొదటిదాన్ని పట్టుకుని రెండూళ్ల పెద్దల ముందుకు వెళ్లింది. వాళ్లు నా మీదే కూర్చుని పంచాయితీ చేశారు. చుట్టలు కాల్చి, గడ్డాలు గోక్కుని, చివరికి ఒక ముసలాయన చెప్పాడు.

"వలయితే ఎత్తీమని సెప్పీవోళ్లమే తల్లీ. ఇది వల కాదు, గోడ. గోడకి మాకాడ కట్టుబాటు నేదు."

తాతారావు గట్టిగా తలూపాడు. "గోడే. ముమ్మాటికీ గోడే."

తొమ్మిది రోజుల తరవాత పెద్ద పోటు వచ్చింది. మసేనమ్మ ఇంటి పునాది కింద ఇసుక జారింది. ముందు అరుగు, తరవాత వంటగది, ఆ పైన గోడలన్నీ కూలాయి. ఆమె సామాను మోసుకుంటూ వెనక్కి నడవడం చూశాను. నా పగ తీరినట్టే. మరి తీరిన పగ తియ్యగా ఉండాలి కదా? నా నోట్లో పైపు దూర్చినవాడు సుఖంగా ఉన్నాడు. నాకు తొలిసారి నా మీదే అసహ్యం వేసింది. అసహ్యం పగను చంపుతుందంటారు. నాలో అది పగకు పదును పెట్టింది, దాన్ని సరైన దిక్కుకు తిప్పింది.

మర్నాడు పట్టపగలు, అందరూ చూస్తుండగా మసేనమ్మ చేపల కత్తితో వచ్చింది. నా వీపు మీద కాలు పెట్టి నిలబడింది. తాతారావు పరిగెత్తుకొచ్చాడు.

"అప్పా! కత్తి తాకించకూడదు!"

"వలకి గదా తాకించకూడనిది? ఇది గోడన్నారు. నువ్వే ముమ్మాటికీ అన్నావు."

ఒక్కడూ ఆమె చెయ్యి పట్టుకోలేదు. కత్తి దిగింది. నొప్పి వేసింది, అబద్ధం చెప్పను. కాని కడుపులో ఇసుక బుసబుసమని బయటపడి ఉత్తరానికి తిరిగినప్పుడు, జన్మలో మొదటిసారి నా లోపల గొడవ ఆగింది. చూడటానికి వచ్చిన అధికారులు, అలల ధాటికి నేనే చిరిగానని రాసుకుని వెళ్లారు. మనుషుల కాగితాలకు మనుషుల ముఖం చూడటం సిగ్గేమో.

తాతారావు అప్పటికే తన ఊరికి కొత్తగా పడిన ఇసుక మీద రెండు గదుల సిమెంటు ఇల్లు కట్టుకుని ఉన్నాడు. రెండు నైరుతులు ఆ ఇసుకను కొద్దికొద్దిగా నడిపించాయి. మూడోది ఇంటిని కూడా తీసుకుంది. ఇసకలపాలెంలో ఒడ్డు మళ్లీ నలభై అడుగులు వెడల్పయింది. మసేనమ్మ ఇల్లు మాత్రం ఎవరూ తెచ్చి ఇవ్వలేదు. ఆమె ఊరి వెనక నాలుగు సరుగుడు కర్రలు పాతి, నా ఖాళీ చర్మాన్ని వాటి మీద కప్పి గుడిసె వేసుకుంది. నాలుగు పక్కలా తాటాకు కట్టింది. ఇప్పుడు నేను ఆమె పైకప్పును.

ఒక మధ్యాహ్నం తాతారావు పెళ్లాంతో, రెండు మూటలతో వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"అప్పా, వానలెళ్లినదాకా..."

ఆమె అన్నం వార్చి, గంజి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది. మరదల్ని లోపలికి పిలిచి, తన చాప పక్కన చోటు చూపించింది. తమ్ముడు వెనకే అడుగు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నీది ఆ పక్క" అంది. తాటాకు తడిక చిరిగి, నీళ్లు కనబడుతున్న వైపు. "సముద్రం వేపు."

తాతారావు ఆ చోటు చూశాడు, నా కుట్లు చూశాడు. తరవాత వంగి, తన మూట అక్కడ పెట్టుకున్నాడు.