ఐదో ఫౌల్

భర్త పోయిన మనిషి ఇంట్లోనే ఉండాల్సిన ఇద్దత్ గడువు నాలుగు నెలల పది రోజులు ముగిసిన మూడో నాడు, మొదటిసారి ఇల్లు దాటి కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టుకు వెళ్లాను. ఎవరి కోర్టులో ఆట జరిగితే వాళ్లే స్కోరుషీటు రాయాలన్నది మా లీగ్ పద్ధతి. పగలు హైస్కూల్లో లెక్కలు చెప్పే నేను పదకొండేళ్లుగా సాయంత్రాలు ఆ పని చేస్తున్నాను. అమ్మాయిల జట్టుకు కోచ్ ఆఫ్తాబ్. నా భర్త.

ఆయన పోయాక ఇద్దరు ఆట మానేశారు. ఒకమ్మాయికి మడమ బెణికింది. మిగిలింది ఐదుగురు. ఆరు ఆటల్లో ఒక్కటే గెలిచారు. ఇది చివరి ఆట. ఓడితే పట్టికలో అడుగున ఉండిపోతారు. అలా జరిగితే వచ్చే ఏడు జట్టే ఉండదని ప్రిన్సిపాల్ గారు ఇంటికి ఫోన్ చేసి చెప్పారు. "మీరు మనసులో పెట్టుకోవద్దు మేడమ్" అని కూడా అన్నారు. ఆఫ్తాబ్ చేతుల మీద తయారైనవాటిలో ఇంకా మిగిలింది ఆ జట్టు ఒక్కటే.

కెప్టెన్ పుష్పకుమారిది సముద్రం ఒడ్డునున్న జువ్వలదిన్నె. నన్ను చూసి బల్ల దగ్గరికి వచ్చింది.

"వచ్చినారా మేడమ్! పోయినసారి రాసినోడు మా బాస్కెట్లు రెండు మింగేసినాడు."

"ఇవాళ ఎవరివీ మింగను. వెళ్లి ఆడు."

"ముందు ఫౌల్స్ తగ్గించుకో మే!" వెనక నుంచి చెంచులక్ష్మి అరిచింది. "ఐదు పడితే నువ్వు బయట, మేం నలుగురం. ఆడేది బాస్కెట్‌బాలా, కోడిపందేలా?"

"నీ నోటికి పడాల ఫౌలు" అంటూ పుష్పకుమారి కోర్టులోకి పరుగెత్తింది.

చాలా రోజుల తర్వాత బాగా ఆడారు. సగం ఆటకు నాలుగు పాయింట్లు ముందున్నారు.

మూడో క్వార్టర్‌లో మసీదు నుంచి సాయంత్రపు అసర్ నమాజుకు అజాన్ వినిపించింది. చిన్నప్పటి అలవాటు. పెన్ను కింద పెట్టి రెండు చేతులా కొంగు తలమీదికి లాక్కున్నాను. సముద్రపు గాలికి అది నిలవలేదు. మళ్లీ సర్దుకున్నాను. సరిగ్గా అప్పుడే రిఫరీ పెంచలకృష్ణ గారు ఫౌల్‌కు విజిల్ వేసి, బల్ల వైపు తిరిగి, పుష్పకుమారి నంబరు వేళ్లతో చూపించారు. చూశాను. తలూపాను కూడా. రాయలేదు.

ఆఖరి నిమిషానికి మావాళ్లు నలభై ఒకటి, నెల్లూరు జట్టు నలభై. పుష్పకుమారి మీద మళ్లీ ఫౌల్ పడింది. రాయబోతే ఆమె పేరు ఎదుట మూడు గుర్తులే ఉన్నాయి. నాలుగో గడి ఖాళీ. అప్పుడు గుర్తొచ్చింది.

ఎవరూ ఏమీ అడగలేదు. నా పక్కన గడియారం చూసే నెల్లూరు అతను బటన్ మీద వేలు పెట్టుకుని ఉన్నాడు. పెంచలకృష్ణ గారు బంతి పట్టుకుని నా వైపు చూశారు. నాలుగు అని చూపిస్తే పుష్పకుమారి ఆటలోనే ఉంటుంది. ఆఫ్తాబ్ ఉంటే ఏమనేవారో నాకు తెలుసు అనుకున్నాను.

లేచి నిలబడ్డాను. "ఐదు" అన్నాను.

పుష్పకుమారి పరుగెత్తుకొచ్చింది. "నాలుగే మేడమ్! చూడండి, షీటులో మూడే ఉండాయి. దీంతో నాలుగు."

"ఒకటి నేను రాయలేదు. తప్పు నాది."

పెంచలకృష్ణ గారు షీటు మీదికి వంగారు. "మూడో క్వార్టర్‌ది. అవునమ్మా, నేనిచ్చినానే అది" అని, ఆమెను బయటికి పొమ్మన్నారు.

నలుగురే ఆడారు. చెంచులక్ష్మి ఇద్దరిని కాచింది. నలభై ఒకటి, నలభై నాలుగుతో ఆట ముగిసింది.

అందరూ సంచులు సర్దుకుంటుంటే పుష్పకుమారి బెంచీ మీదే కూర్చుంది. దగ్గరికి వెళ్లాను.

"సార్ ఉంటే..." అంది.

"సార్ ఉన్నా ఇదే చేసేవారు."

నవ్వింది. "మీకు తెలవదు మేడమ్. పోయినేడు బయటూరు పోయి ఆడినామే, ఆడ మాకు రెండు పాయింట్లు ఎక్కువ రాసినారు. సార్ చూసినాడు. నేను చెప్పబోతే, నోరు మూసుకొని నీళ్లు తాగుమే అన్నాడు. ఒక్క పాయింటుతో గెలిచినాం. వచ్చేటప్పుడు అందరికీ పునుగులు ఇప్పించినాడు."

ఆ రోజు ఆఫ్తాబ్ ఇంటికొచ్చి గెలిచామని చెప్పారు. అంతవరకే చెప్పారు. కోపం వస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు. ఆయన గురించి కొత్త సంగతి ఒకటి విని నాలుగు నెలలు దాటింది. ఆమె పక్కన కూర్చున్నాను.

"ఇంకేం చేశారు మీ సారు?"

పుష్పకుమారి బూటు లేసు విప్పుకుంటూ నా ముఖం చూడలేదు. "జట్టే పోయింది గదా మేడమ్. ఇంకెందుకు అవన్నీ?"

షీటు మీద సంతకం పెట్టమని పెంచలకృష్ణ గారు పిలిచారు. వెళ్లి పెట్టాను. తిరిగి చూసేసరికి బెంచీ మీద ఎవరూ లేరు.