అత్త పరుపు

గూడూరు దగ్గర హైవే దిగి వాకాడు రోడ్డెక్కగానే ప్రతి ఏడూ బండిలో ఒక గోల మొదలయ్యేది. ఉప్పుగాలి తగిలిందని ఒకరు, ఈ పూట చేపల పులుసు లేకపోతే ఊరుకునేది లేదని ఇంకొకరు. ఈసారి ఎవరూ నోరు విప్పలేదు. అస్మా వెనకవైపు సామాన్ల మధ్య కూర్చుని రోడ్డు పక్క రొయ్యల గుంటలను చూస్తోంది. చూస్తోందంటే కళ్ళు తెరుచుకుని ఉన్నాయి, అంతే.

వాళ్ళు పరుపులు కుట్టేవాళ్ళు. వానలు వెనకబట్టాక దూది ఏకే మిషను బండిలో వేసుకుని, ఇంటికి తాళం పెట్టి ఊళ్ళమీద పడితే, మళ్ళీ వానలు మొదలయ్యే ముందు రావడమే. తడిగాలికి దూది విచ్చుకోదు మరి. ఖాదర్ బాషా, ఆయన భార్య జైతూన్‌బీ, కొడుకు అఫ్జల్, కోడలు అస్మా, నలుగురూ కలిసి వెళ్ళారు. ఇప్పుడు ముగ్గురే తిరిగొస్తున్నారు. జైతూన్‌బీకి బళ్ళారి అవతల ఒక ఊళ్ళో మట్టి ఇచ్చారు. పొద్దున టీ తాగుతూ గుండెలో నొప్పన్న మనిషి సాయంత్రానికి ఆ ఊరి ఖబరస్తాన్‌లో ఉంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళే పాపం భుజం పట్టారు.

ఆ రోజు నుంచి అస్మా ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. రాల్చకపోతే లోకం ఏమనుకుంటుందోనన్న బెంగ కూడా లేదు. వండింది, ఉతికింది, ఒప్పుకున్న పరుపులన్నీ కుట్టింది. ఎవరైనా పిలిస్తే పలికింది.

బండి ఇంటిముందు ఆగీ ఆగకముందే పక్కింటి రెబెక్కమ్మ పరుగెత్తుకొచ్చి అస్మా మెడమీద పడింది.

"నా జైతూనక్కా! నలుగురూ పోయి ముగ్గురొచ్చినారే! ఒక్క మాట చెప్పకుండా పోయినావే అక్కా!"

రెబెక్కమ్మకు ఏడవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఎవరింట పెళ్ళయినా పెళ్ళికూతురి కంటే ముందు ఆమె మొదలుపెడుతుంది. కానీ ఇవాళ నిజంగా ఏడ్చింది. అస్మా ఆమె వీపు నిమురుతూ నిలబడింది. ఎవరు ఎవరిని ఓదార్చాలో, ఎవరు ఓదారుస్తున్నారో! రెబెక్కమ్మ అన్నమూ పులుసూ పెట్టి వెళ్ళింది. ముగ్గురూ తిన్నారు. పులుసులో ఉప్పుందా అని అడిగితే ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేరు.

మిషను దించడానికి మనుషుల కోసం అఫ్జల్ వీధిలోకి వెళ్ళాడు. ఖాదర్ బాషా ఉత్త నవారు మంచం మీద కూర్చుని, కోడలివైపు తల తిప్పాడు.

"అస్మా, మీ అత్త పరుపు దించకరామ్మా. రొంతసేపు నడుం వాలస్తా."

ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అస్మాకు దారి పొడుగునా తెలుసు. కడుగుతున్న గిన్నె కింద పెట్టింది. మళ్ళీ తీసుకుని కడిగిందే కడిగింది.

పరుపుల పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఏ ఇంటి దూది ఆ ఇంటికే. పాత పరుపు విప్పి, దూది ఏకి, కొత్త గుడ్డలో కుట్టి ఆ ఇంటికే ఇవ్వాలి. అందులో ఇంకో ఇంటి దూది పిడికెడు కూడా కలవకూడదు. పోయిన మనిషి పడుకున్న పరుపైతే అసలు మిషను ఛాయలకే తేకూడదు. ఖాదర్ బాషా ఈ విషయంలో బహు పట్టింపు మనిషి. అనుమానం వస్తే కుట్టిన పరుపునైనా విప్పించేవాడు.

జైతూన్‌బీ మూడోనాటి ఫాతిహా చదివించిన మర్నాడే మిషను తిప్పారు. ఆ ఊళ్ళోనే ఒక పెళ్ళివాళ్ళకు మాట ఇచ్చి ఉన్నారు, తప్పలేదు. వాళ్ళు రెండు పాత పరుపులిచ్చి, పెళ్ళికూతురికి ఒక పెద్ద పరుపు కుట్టమన్నారు. గుడ్డ కోసం అఫ్జల్ బజారుకు వెళ్ళాడు. అస్మా బండిలోంచి పరుపులు లాగింది. రెండు లాగాల్సింది, మూడు లాగింది. మూడోది అత్తది. దాని మూలన వేసిన అతుకు అస్మా కుట్టిందే. అయినా కంటికి ఆనలేదు. మూడూ విప్పి మిషనులో పెట్టింది, కొత్త గుడ్డలో నింపి కుట్టింది. పరుపు భలే మందంగా వచ్చిందని పెళ్ళికూతురి తండ్రి మెచ్చుకున్నాడు కూడా. వాళ్ళు తీసుకెళ్ళిపోయాక ఖాళీ గలేబులు మడతపెడుతుంటే అతుకు చేతికి తగిలింది. ఆ గలేబును బస్తా అడుగున దాచేసి, పొయ్యి దగ్గరికి వెళ్ళి అన్నం వార్చింది. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

ఇప్పుడు చెప్పాలి. చెబితే ఈ మనిషి తన చేతిపనిని ఇంకెప్పుడూ నమ్మడు. భార్యవంటూ మిగిలిన నాలుగు వస్తువుల్లో ఒకటి లేకుండా చేసింది తనేనని ఎప్పటికీ మరిచిపోడు.

చెయ్యి తుడుచుకుని వచ్చి మంచం ముందు నిలబడింది.

"పరుపు లేదు మామా."

"లేకపోవడమేంది?"

"పెళ్ళివాళ్ళ దూదిలో కలిపేసినా. చూసుకోలా. నా చేత్తోనే మిషనులో పెట్టినా."

వీధిలో అఫ్జల్ ఎవరినో కేకేస్తున్నాడు.

"అప్పుడు నేను నీ పక్కనే కూర్చోనుండా గదమ్మా," అన్నాడు ఖాదర్ బాషా. "నువ్వు పెడతా ఉంటే చూస్తానే ఉన్నా. తెల్లంగా వస్తా ఉండాది. మంచి దూది అనుకున్నా. ఇంగేం అనుకోలా. అది ఎవురిదో కూడా నాకు తట్టలా. ఇందాక బండి వెంకటాచలం దాటినాక తట్టింది."

"మరి ఇప్పుడెందుకు అడిగినావు మామా?"

"ఏమో. నాకట్టా అనిపించింది గానీ, నిజంగా అయ్యుండదేమోలే అనుకున్నా. బండిలోనే ఉంటాదేమో అనుకున్నా."

మంచం మీద సర్దుకు కూర్చుని, "పెళ్ళివాళ్ళకు ఫోన్ చేసి చెబుదాం. వేరే పరుపు కుట్టి నేనే ఇచ్చొస్తా. దానికేముంది," అన్నాడు.

అస్మా కదల్లేదు. ఇన్నాళ్ళూ దేనికోసం ఒళ్ళు బిగపట్టుకుందో అది రాలేదు. పిడుగు పడుతుందని చెవులు మూసుకుంటే పడకపోయినట్టుంది.

"తిట్టు మామా," అంది.

"ఏందమ్మా?"

"ఒక్క మాటన్నా తిట్టు. ఇంత పని చేసినా గదా."

ఖాదర్ బాషా నోరు తెరిచాడు. "నీకసలు కళ్ళు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఇంకోసారి ప్రయత్నించాడు. కుదరలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, తప్పు చేసినవాడిలా ఆమె వైపు చూశాడు.

"నాకు చేతగాదమ్మా. తిట్టేదంతా మీ అత్తే చూసుకునేది గదా."

అత్త లేదని అస్మాకు అప్పుడు తెలిసింది. ఉన్నచోటే కూలబడి, వీధి చివరిదాకా వినపడేట్టు ఏడ్చింది.