ఎవరు ఎవరిని పిలుస్తారో నాకు తెలుసు

నేను ఒక చిన్న ప్రోగ్రామును. చేత్తో పట్టుకుందామంటే దొరకను, అటక మీద పారేద్దామన్నా కుదరదు. నా నివాసం కాకినాడలో ఒక టిఫిను హోటలు పైనున్న చిన్న ఆఫీసు. పొద్దున్నే కింద నుంచి పెసరట్టు వాసన వస్తుందట. నాకు ముక్కు లేదు కనుక ఆ విషయంలో ఎవరి మీదా అసూయ లేదు.

నా పని ఒక్కటే. వేల ఫైళ్ళున్న సాఫ్ట్‌వేరులో ఏ ముక్క ఏ ముక్కను పిలుస్తుందో, ఎక్కడ బయలుదేరి ఎక్కడ తేలుతుందో అడిగిన వెంటనే చెబుతాను. నన్ను అడిగేది మనుషులు కాదు, కోడు రాసే ఏజెంటు. కృత్రిమ మేధ అని పత్రికలవాళ్ళు రాసేది ఈయన గురించే. మా ఆఫీసులో ఏజెంటు గారూ అంటారు, సగం మర్యాదగా, సగం వెటకారంగా.

నన్ను పుట్టించింది ఇదే ఆఫీసులో పనిచేసే సత్యవేణి. ప్రేమతో అని చెప్పుకోవాలని ఉంది కానీ, నిజానికి విసుగుతో. చిన్న దిద్దుబాటు చెప్పినా ఏజెంటు గారు మొదటి ఫైలు నుంచి చదువుకుంటూ వచ్చేవారు. చదవడంలో ఆయనకు అలుపు లేదు. గుర్తుంచుకోవడమే కష్టం. చివరి ఫైలుకు వచ్చేసరికి మొదటిది బుర్రలోంచి జారిపోయేది, మళ్ళీ మొదటికొచ్చేవారు. సత్యవేణికి ఒళ్ళు మండిపోయి, ఒక సెలవురోజు పట్టుబట్టి కూర్చుని నన్ను తయారుచేసింది.

ఆఫీసు యజమాని చక్రధరరావు గారికి మాత్రం నేను నచ్చలేదు. ఆస్పత్రుల్లో డయాలిసిస్ చేయించుకునేవాళ్ళకు ఏ రోజు, ఏ మిషను మీద అన్నది చూసుకునే సాఫ్ట్‌వేరు ఆయన ఒంటిచేత్తో రాసినది. ఆయన రాసిన ఇంట్లోకి నేను దూరి గదులు లెక్కపెడుతున్నట్టు అనిపించింది కాబోలు. అదీకాక ఆయనకో అలవాటుంది. ఏ ఆస్పత్రి నుంచైనా ఫోను చేసి ఫలానా సదుపాయం కావాలంటే, రాసిచ్చి, ఆ కోడు ముక్కకు అడిగినవాళ్ళ పేరే పెట్టేవారు. అలా ఈ సాఫ్ట్‌వేరు నిండా నర్సులు, గుమాస్తాలు, ఒకరిద్దరు డాక్టర్లు కాపురం ఉంటున్నారు. పిల్లలకు తాతల పేర్లు పెట్టుకున్నంత సహజంగా పెట్టేశారాయన.

ఒక గురువారం సత్యవేణి పిన్ని మంగతాయారు ఎప్పటిలాగే డయాలిసిస్‌కు వెళ్ళింది. ఇవాళ మీ పేరు లేదన్నారు. ఆమె స్థానంలో ఇంకొకరు ఉన్నారు, మిగతా మిషన్లన్నీ నిండిపోయాయి. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని, ఉబ్బిన కాళ్ళతో ఇంటికి వచ్చేసింది. మళ్ళీ వంతు శనివారం. అదీ తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు వస్తుందని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. పేరు చేత్తో ఎక్కిస్తే కాసేపటికి మళ్ళీ మాయమవుతోంది. ఇంకెందరి పేర్లు ఇలా పోయాయో ఎవరికీ తెలియదు.

శుక్రవారం పొద్దున సత్యవేణి ఏజెంటు గారికి పని అప్పగించింది. హడావుడిలో నన్ను జతచేయడం మరిచిపోయింది. ఆయన తీసివేత, రద్దు, తొలగింపు అన్న మాటల కోసం ఇంగ్లీషులో ఫైళ్ళన్నీ గాలించి, పేషెంటు పేరును తీసేసే కోడు ఇందులో ఎక్కడా లేదని నిబ్బరంగా తేల్చేశారు. మనుషుల పేర్లున్న ముక్కలు కనిపించాయట. అవి ఎవరో సిబ్బంది వివరాలనుకుని పక్కకు తప్పుకున్నారట. మర్యాదస్తుడు, ఏమనగలం?

మధ్యాహ్నానికి సత్యవేణికి నేను గుర్తొచ్చాను. పేషెంటు వంతును ముట్టుకునే ముక్కలేవో అడిగించింది. నేను పేర్లకు మోసపోయే రకం కాదు. పేరు ఏదైనా నాకొకటే, ఎవరు పిలిస్తే ఎవరు పలుకుతారన్నదే చూస్తాను. వంతు దగ్గర్నుంచి వెనక్కి నడుచుకుంటూ వెళితే కనకమహాలక్ష్మి సిస్టర్ అని పేరున్న ముక్క తలుపు దగ్గర తేలాను. అదే చెప్పాను. ఏజెంటు గారు ఆ ఒక్క ఫైలూ తెరిచి, ఈసారి శ్రద్ధగా చదివారు.

సత్యవేణి కుర్చీ వెనక్కి తిప్పి, ఈ సిస్టర్ ఎవరని చక్రధరరావు గారిని అడిగింది.

"పాత మనిషమ్మా. రిపేరులో ఉన్న మిషను కింద పేర్లు కనబడితే గాబరాగా ఉంటోందండీ అంది. ఆ పేర్లు పక్కనెట్టి, మిషను బాగయ్యిందని నొక్కగానే మళ్ళీ ఎక్కేలా రాసిచ్చేను. ఇన్నేళ్ళలో ఏ గొడవా లేదు."

"మరి మిషను బాగవకపోతేనోండి? మా పిన్ని వెళ్ళే చోట మొన్నే పాతది తీసేసి కొత్తది పెట్టేసేరు కదా."

పాత మిషను బాగైందని నొక్కేవాళ్ళే లేరు. పక్కన పెట్టిన పేర్లు పక్కనే ఉండిపోయాయి. ఎవరైనా చేత్తో ఎక్కిస్తే సిస్టర్ పేరుగల ఆ కోడు వాళ్ళను మళ్ళీ పక్కకు తీసుకెళ్తోంది, పాపం, దాని పని అది చేస్తోంది.

దిద్దుబాటుకు ఎక్కువసేపు పట్టలేదు. పక్కనున్న పేర్లన్నీ బయటికొచ్చాయి, మంగతాయారుతో పాటు ఇంకా కొందరు. చక్రధరరావు గారు ఒక్కొక్క ఆస్పత్రికీ తనే ఫోను చేసి, పేరు పేరునా చెప్పి, క్షమించమని అడిగారు. ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం కలిగింది. కోడులో మనుషుల పేర్లు తీసేసి ఇంగ్లీషు పేర్లు పెట్టమంటారా అని ఏజెంటు గారు వినయంగా అడిగారు. సత్యవేణి వద్దంది. చక్రధరరావు గారు ఆ తర్వాత నన్ను ఎవరైనా తీసేస్తామంటే ఊరుకునేవారు కాదు.

అయినా తీసేసే రోజు వస్తుంది, నాకు తెలుసు. రాబోయే ఏజెంటు నా విద్యంతా పుట్టుకతోనే తెచ్చుకుంటాడట. రానివ్వండి. నా పని నేను ఒక్క పొల్లు మాటా లేకుండా చేశాను.

ఆ శనివారం ఒక చిత్రం జరిగింది. సాయంత్రం సత్యవేణి, ఎవరితో చెప్పుకోవాలో తోచకేమో, ఏజెంటు గారికే ఒక వాక్యం రాసింది. "పిన్ని ఇంటికొచ్చేసింది, అన్నం తింది." ఏం చెప్పినా పనేననుకునే మనిషి కదా, ఆయన వెంటనే నన్ను పిలిచి, పిన్ని ఎక్కడుంది, అన్నం ఎక్కడుంది చూడమన్నారు. నేను ప్రతి ఫైలూ వెతికాను. ఎక్కడా లేదు. ఇక్కడ లేదు, ఇంటి దగ్గరుంది అని చెప్పే వీలు నాకు పెట్టలేదు. దొరకలేదు అని మాత్రం చెప్పాను, మహా సంతోషంగా.