ఎర్రప్ప వంతు మాత్రలు

రాట్నం ముందు నీలావతి కండెలు చుడుతోంది. కూర్చుంటే మంట, లేస్తే దురద. పట్టుపోగు మళ్లీ తెగింది.

"కుదురుగా కూచోలేవా?" అంది అత్త సుబ్బలక్ష్మమ్మ. "మళ్లా తెల్లబట్ట మొదలైనట్లుండాది. మాయదారి ఒళ్లు!"

గుంత మగ్గంలో కూర్చున్న ఎర్రప్ప పెళ్లాం వైపు చూడకుండా నేస్తున్నాడు.

ధర్మవరంలో ఆడవాళ్ల జబ్బులన్నిటికీ ఒకటే పేరు, వేడి. దానికి మందు మజ్జిగ. నీలావతి ఒక ఎండాకాలమంతా మజ్జిగ తాగింది. జబ్బుకు మజ్జిగ నచ్చినట్టుంది, కదల్లేదు.

చివరికి హిందూపురంలో లేడీ డాక్టరు కౌసల్యమ్మ పరీక్ష చేసి, మైక్రోస్కోపులో చూసి, రెండు పొట్లాల మాత్రలిచ్చింది. ఎర్రప్పను లోపలికి పిలిచి మరీ చెప్పింది: "ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది. నీకు బాధ లేకపోయినా నీ ఒంట్లోనూ ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి మింగాలి. మందు అయిపోయేదాకా వేరుగా పడుకోండి." అతను బడిపిల్లాడిలా తలూపాడు.

బస్సు పెనుకొండ చేరకముందే తన పొట్లం ఆమె ఒళ్లో పడేశాడు. "మొగోణ్ణి, నాకేం రోగమే? నా వంతు గూడా నువ్వే మింగు. బిరీన బాగైతావు."

మింగింది. వాంతులు చేసుకుంది. తగ్గింది. తగ్గిందని తెలిసిన రోజే ఎర్రప్ప చాప దగ్గరికి లాక్కున్నాడు. నెల తిరక్కుండా మంట తిరిగొచ్చింది. రెండోసారీ అదే వరస. మూడోసారి తెచ్చిన పొట్లాలు గూట్లో ఉన్నాయి.

"ఈ తూరి తగ్గకపోతే నీ చెల్లెల్ని వీనికి చేసుకుంటాం," అంది అత్త. "మీ నాయన సరే అన్యాడు. అది శుభ్రమైన పిల్ల."

రాట్నం ఆగింది. చెల్లెలికి చిన్నప్పటి నుంచీ మాత్ర గొంతు దిగదు. బెల్లంలో పెట్టి మింగించాలి. ఇతని వంతు కూడా అది ఎట్లా మింగుతుంది?

మధ్యాహ్నం ఎర్రప్ప కాళ్లు కడుక్కొని వచ్చి కూర్చున్నాడు. నీలావతి పళ్లెం పెట్టింది. అందులో ఒక మాత్ర ఉంది.

"ఇదేమే?"

"నీ వంతు."

"సంగటి యాడ?"

"అది లోపలికి పోయినాంక."

"నువ్వు మింగే, లం..."

"నాది నేను మింగినా. నీది ఇంక మింగను. చెల్లెలూ మింగదు."

"చూడరా, దాని పొగరు!" అని అత్త లేచింది.

చంకనెత్తుకున్న సంగటి కుండ వేడి నడుముకు తగులుతున్నా నీలావతి దించలేదు. ఎర్రప్ప చెయ్యి లేచింది. పళ్లెంలోకో, ఆమె చెంప మీదికో ఇంకా తెలియలేదు. ఆమె తల పక్కకు తిప్పుకోలేదు.