ముందే కట్టిన ఐదో తరగతి

మార్చి నాలుగు, బుధవారం. ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలకు కరీంనగర్‌లో రజిత ఇంటికి జూన్ నెల కరెంటు వస్తుంది.

ట్యూబులైట్లు వాటంతట అవే వెలుగుతాయి. స్విచ్ నొక్కితే ఆరవు. ఫ్యాను వేడిగాలి కొడుతుంది. ఆ గాలిలో మామిడిపండ్ల వాసన ఉంటుంది. రజిత వెళ్ళి మీటరు చూసి వస్తుంది. జూన్ దాకా బిల్లు ఆమె నిన్ననే కట్టింది. డబ్బు ముందు వెళ్ళింది కనుక కరెంటూ ముందు వచ్చింది. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు.

"గిదేందే, మార్చిల గీ ఉక్కపోత?" అంటాడు భర్త సంపత్. అతను డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు.

"జూన్ కరెంటు గదా. అట్లనే ఉంటది."

రజిత కంటి ఆసుపత్రిలో అద్దాల నంబర్లు చూస్తుంది. డిసెంబరులో క్రెడిట్ కార్డు తీసుకుంది. తొంభై రోజుల్లో తొంభై వేలు ఖర్చు చేస్తే కార్డువాళ్ళు హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి రెండు విమానం టికెట్లు ఇస్తారు. కూతురు లాస్యకు తొమ్మిదేళ్ళు. నాలుగో తరగతి. సముద్రం చూపించమని రెండేళ్ళుగా అడుగుతోంది. పదేళ్ళు నిండేలోగా చూపిస్తానని రజిత మాటిచ్చింది.

అవసరం లేనిది ఒక్క చెంచా కూడా కొనకూడదని ఆమె నియమం. కార్డు గీకిన ప్రతిసారీ అంత డబ్బూ తీసి పక్కన పెడుతుంది. మరి తొంభై వేలు ఎలా అవుతాయి? ఎలాగూ కట్టాల్సినవే ఇప్పుడు కట్టెయ్యాలి. దారి అదొక్కటే. గడువు పదహారు రోజులుంది.

గురువారం సంపత్ ఆ కార్డు తీసుకుని మంగలి షాపుకు వెళ్ళి, ఆరు నెలల కటింగుకు కట్టి, నున్నటి గుండుతో తిరిగి వస్తాడు.

"ఆరు కటింగులు ఒక్కపారే చేసిండు. సెప్టెంబర్ దాంక ఒక్క ఎంటిక మొల్వదట."

"డాడీ, నీ తలకాయల ట్యూబులైట్ కనవడ్తుంది," అని లాస్య పడీపడీ నవ్వుతుంది.

"నవ్వకే. దువ్వెన పైసలు మిగిలినయ్ మీ అమ్మకు."

శుక్రవారం స్కూటరుకు రెండేళ్ళ ఇన్సూరెన్స్ కడతారు. శనివారం పొద్దున చూస్తే హ్యాండిల్ వంగి ఉంది. పక్క రేకు మీద మూరెడు ఎర్ర గీత ఉంది. మెకానిక్ గోటితో గీకి చూస్తాడు.

"లారీ రంగు అన్నా ఇది."

"ఏ లారీ? నాకే లారీ తాకలే."

"ఇంక తాకలేదన్నా. తాకుతది."

ఆ రోజు నుంచి సంపత్ ఎర్ర లారీ ఎదురొస్తే బండి దిగి పక్కకు నిలబడతాడు.

మార్చి తొమ్మిది, సోమవారం. పదకొండుంబావుకు రజిత బడి ఆఫీసులో లాస్య ఐదో తరగతి ఫీజు ముప్పై నాలుగు వేలు కడుతుంది. మార్చిలోనే కట్టినందుకు క్లర్కు వరలక్ష్మి ఒక బ్యాగు ఉచితంగా ఇస్తుంది. "మీ అసొంటి పేరెంట్స్ నలుగురుంటే మాకు రంది ఉండదు మేడం," అంటుంది.

నాలుగున్నరకు లాస్య ఇంటికి వస్తుంది. పొద్దున తల్లి భుజం దగ్గరకు వచ్చే పిల్ల, ఇప్పుడు చెవి దగ్గరకు వస్తుంది. ఐదో తరగతి పిల్లలు కట్టుకునే నీలం బెల్టు కట్టుకుని ఉంది.

"అయిపోయింది మమ్మీ," అంటుంది, బూట్లు విప్పుతూ.

"ఏంది అయిపోయింది?"

"ఐదో తరగతి. పరీక్షలు మంచిగ రాసిన."

రజిత బ్యాగు తెరుస్తుంది. నోటుపుస్తకాలన్నీ నిండి ఉన్నాయి. ఎర్రసిరాతో దిద్ది ఉన్నాయి. పేరెంట్ సంతకం చేసే చోట తన సంతకాలే ఉన్నాయి. చేసినట్టు ఆమెకు గుర్తులేదు.

లాస్య మోచేతి కింద ఒక మచ్చ ఉంది.

"ఇదెప్పుడు తాకింది బిడ్డా?"

"దసరా సెలవులల్ల. అద్దం కోసుకున్నది. కుట్లేస్తుంటె నువ్వే గదా కథ చెప్పినవ్?"

"ఏం కథ చెప్పిన?"

"నక్క కథ. సగం చెప్పి ఆపినవ్. మల్లెప్పుడూ చెప్పలే."

మరుసటి రోజు తొమ్మిది గంటలకు రజిత బడి ఆఫీసులో ఉంది. ఫీజు వాపస్ కావాలని అడుగుతుంది. వరలక్ష్మి రిజిస్టరు తిప్పుతుంది.

"పైసలు ఇస్తం మేడం. దానికి ఫారం ఉన్నది. సంవత్సరానికి ఫారం లేదు."

"నేను ఆ సంవత్సరం చూడలేదు."

"హాజరు పిల్లలకే వేస్తం మేడం. పేరెంట్స్‌కు వెయ్యం."

మధ్యాహ్నం కార్డు కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేస్తుంది. ఇంకా ముప్పై ఐదు వేల తొమ్మిది వందలు ఖర్చు చేయాలని, పది రోజులే ఉన్నాయని గుర్తు చేస్తుంది.

"అవసరం లేనిది కొన్నా లెక్కలోకి వస్తుందా?" అని అడుగుతుంది రజిత.

"తప్పకుండా వస్తుందండీ. కానీ మీరు కొనరు."

"మీకెట్ల తెలుసు?"

"కొనేవాళ్ళనైతే రెండు టికెట్లతో ఊరించాల్సిన పని మాకుండదండీ."

సాయంత్రం రజిత ఒక ఫర్నిచర్ షాపుకు వెళ్ళి సోఫా చూపించమంటుంది. షాపు యజమాని బిల్లు పుస్తకం తీస్తాడు.

"దేనికోసమమ్మా?"

"ఊరికే."

"ఊరికే అని బిల్లు రాయరాదమ్మా. నడుం నొస్తదా? చుట్టాలొస్తున్నరా? ఏదన్న ఒకటి చెప్పుర్రి."

రజిత నిలబడి ఆలోచిస్తుంది. ఒక్క కారణమూ దొరకదు. యజమాని పుస్తకం మూసి సోఫా మీద గుడ్డ కప్పుతాడు.

ఇక కట్టాల్సినవాటిలో ఒక్కటే మిగిలింది. ఆరో తరగతి ఫీజు. ముప్పై ఆరు వేలు.

ఇంటికి వచ్చి కార్డును బియ్యం డబ్బాలో అడుగున పెడుతుంది.

"టికెట్లు పోతే పోయినయ్," అంటుంది సంపత్‌తో. "ఎండాకాలం రైలుకు పోదాం."

"గదే మంచిది. బ్రేక్ కొట్టినంక మల్ల గేర్ మార్చకు," అంటాడు సంపత్.

ఎనిమిది రోజులు ఏమీ జరగదు. బడి ఉన్న ప్రతిరోజూ రజిత లాస్యను గేటు దాకా తీసుకెళుతుంది, గేటు దగ్గరే సాయంత్రం ఎదురుచూస్తుంది, ఇంటికి తెచ్చి గడప పక్క గోడకు నిలబెట్టి పెన్సిలుతో గీత పెడుతుంది. గీతలన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి.

మార్చి పంతొమ్మిది, గురువారం. సాయంత్రం గేటులోంచి లాస్య బయటకు వచ్చినప్పుడు రజిత గుర్తుపట్టక ఆమెను దాటి వెనకాల చూస్తుంది. లాస్యే ఆగి పిలుస్తుంది. ఆమె కళ్ళు ఇప్పుడు తల్లి కళ్ళకు సమానంగా ఉన్నాయి. బెల్టు ఆరో తరగతి వాళ్ళ మెరూన్ రంగుది.

"ఎవరు కట్టిన్రు?" అంటుంది రజిత.

"నేనే. పొద్దుగాల బియ్యం డబ్బాలకెళ్ళి తీసిన."

"కట్టద్దని తీసి పెట్టిన గదనే."

"నువ్వు కడ్తలేవనే కట్టిన మమ్మీ. నాకు సముద్రం చూడాలని మస్తుగుండె."

"ఉండెనా?"

లాస్య బ్యాగు ఇంకో భుజానికి మార్చుకుంటుంది. "ఇప్పుడు గంతగనం లేదు. అయినా పోదాంలే, నువ్వు గంత కష్టపడ్డవ్."

రజిత ఫోన్‌కు సందేశం వస్తుంది. లక్ష్యం చేరుకున్నందుకు అభినందనలు. రెండు టికెట్లు జమ అయ్యాయి.

మార్చి ఇరవై రెండు, ఆదివారం. సంపత్ డ్రైవింగ్ స్కూల్ కారులో ఇద్దరినీ విమానాశ్రయం దగ్గర దింపుతాడు. "పైలం," అంటాడు. ఆ జాగ్రత్త ఎవరికో చెప్పడు. విమానంలో లాస్య కిటికీ సీటు తల్లికి ఇచ్చి నిద్రపోతుంది.

పదకొండు గంటలకు వాళ్ళు విశాఖపట్నం బీచ్‌లో ఉన్నారు.

సముద్రంలో పిల్లలు నిలబడి ఉన్నారు. అసెంబ్లీలో మాదిరి ఒకరికొకరు చేయి చాచినంత దూరం వదిలి, వరసకు ఇరవై మంది. సగం మందికి నీలం బెల్టు, సగం మందికి మెరూన్. అందరి ముఖాలూ ఒడ్డువైపే ఉన్నాయి. అందరి ముఖమూ లాస్య ముఖమే. రజిత వరసలు లెక్కపెడుతుంది. ఇరవై రెండు. నాలుగు వందల నలభై మంది. బడి రెండేళ్ళలో నడిచే రోజులు అన్నే.

"ఎవరే వీళ్ళు?"

"నేనే మమ్మీ. రోజుకొకరు." లాస్య ఇసుక మీద కూర్చుని చెప్పుల పట్టీ సరిచేసుకుంటుంది. "నా కోసం కాదు. నేను ఆ రోజులన్నీ చూసిన. నీ కోసం నిలవడ్డరు."

రజిత చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి నీళ్ళలోకి దిగుతుంది. మొదటి వరస మొదటి పిల్ల చెయ్యి పట్టుకుంటుంది. చెయ్యి కాలుతోంది.

"మమ్మీ, ఇయ్యాల నాకు జరం," అంటుంది ఆ పిల్ల. ఏం తిన్నదీ, ఎవరు పక్కన కూర్చున్నదీ, టీచరు ఏమన్నదీ మొదటి నుంచి చివరి దాకా చెబుతుంది. రజిత అంతా విన్నాకే చెయ్యి వదులుతుంది. వదిలాక పిల్ల తనే నడుచుకుంటూ ఒడ్డుకు వెళుతుంది.

"మమ్మీ, ఇయ్యాల నేను ఎవరితోని మాట్లాడలే," అంటుంది రెండో పిల్ల.

ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఎవరూ తొందర చేయరు. వరస దాటి ముందుకు రారు.

ఒంటిగంటకు రజిత ముప్పయ్యో పిల్ల దగ్గర ఉంది. పోటు పెరిగి వెనక వరసల పిల్లల గడ్డాల దాకా నీళ్ళు వచ్చాయి. వాళ్ళందరూ తమ వంతు కోసం చెయ్యెత్తి నిలబడి ఉన్నారు.