జానెడు దూరం

మందు కప్పును టీ గ్లాసుల పక్కన బోర్లించకూడదని అత్తగారు. మరెక్కడ బోర్లించాలో చెప్పమని కోడలు. గోరంత ప్లాస్టిక్ కప్పు కోసం పొద్దున్నే వంటింట్లో మాటా మాటా పెరిగింది.

"దాన్ని చూస్తూ తాగితే నాకు టీ సహించదు."

"మావయ్యగారు పీల్చే మందే కదా అత్తయ్యా, ఎలకల మందేం కాదుగా."

"పీల్చి ఏం లాభం? మిషనొచ్చాక ఇంట్లో మోత పెరిగింది, ఆయన దగ్గు మాత్రం తగ్గలేదు."

ఆ మాట నిజమే. మామగారు తన షాపులో బీరువాలకు స్ప్రే గన్‌తో పాలిష్ కొడతారు. ఏళ్ల తరబడి పీల్చిన రంగు ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేసింది. పూర్తిగా పోయే జబ్బు కాదనీ, మందును పొగమంచులా చేసే ఈ మిషన్‌తో రోజూ పీలిస్తే అదుపులో ఉంటుందనీ డాక్టరు చెప్పారు. ఉండలేదు. వీధి మలుపు చేరేలోపే ఆయన గోడ పట్టుకుని నిలబడిపోతున్నారు. నెలాఖరుకీ ఇలాగే ఉంటే షాపు ఖాళీ చేసేద్దామని కొడుకు తేల్చేశాడు. మామగారేమో సెలవు రోజున కూడా వెళ్లి, షట్టర్ ఒకసారి ఎత్తి, దించి వచ్చే మనిషి.

మామగారు మందు పీల్చడం అవగానే కప్పు వంటింటి మొహం చూడకుండా తానే పెరట్లోకి తీసుకెళ్లి కడిగేస్తే పీడా పోతుందని కోడలు ఆయన గదికి వెళ్లింది. మిషన్ మాస్కుతో ఎవరి కంటా పడడం ఇష్టంలేక ఆయన ఎప్పుడూ తలుపు దగ్గరగా వేసుకుంటారు. ఇవాళ ఆమె తలుపు తోసింది.

మామగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. మాస్కును మొహానికి జానెడు దూరంలో పట్టుకుని, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి నిదానంగా తిప్పుతున్నారు. పొగమంచు కొంత బుగ్గల మీదికి, మిగతాది కిటికీ తెర మీదికి పోతోంది.

"అదేంటి మావయ్యగారూ, అంత దూరం పెట్టారు?"

"దగ్గరగా కొడితే ఒకేచోట ముద్దకట్టి కారుతుందమ్మా. జానెడుంటేనే సమంగా పడుతుంది."

"అది బీరువాకి కదండీ."

"డాక్టరు దూరం గురించి ఏమీ చెప్పలేదు."

"మీరు అడిగారా?"

"నా పని నాకు తెలీదా అనుకున్నాను."

కోడలు మాస్కు మొహానికి ఆనించి పట్టీ బిగించింది. "ఈ లెక్కన ఇన్నాళ్లూ తెరకి బాగా నయమై ఉంటుంది," అంది.

నెలాఖరుకి ఆయన మలుపు దాటి షాపుదాకా ఆగకుండా నడిచారు. ఆ మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు.

"అయితే షాపు ఉంచేద్దాంలే నాన్నా," అన్నాడు కొడుకు, ఓడిపోయినట్టు.

"ఉంచుదాం. గన్ మాత్రం ఇచ్చేశాను."

అత్తగారు గరిటె ఆపారు. "ఎవరికి?"

"అది అమ్మిన కొట్టువాడికే. ఆనించి పెడితే మందు ఎంత లోపలికి పోతుందో ఇప్పుడు తెలిసింది. షాపు గదిలో తలుపులేసుకుని పాలిష్ కొట్టినన్నాళ్లూ ఆ రంగూ అలాగే లోపలికి పోయుంటుంది. రేపట్నుంచి కుర్చీలకు వైరు అల్లుతాను."

"మీకు అల్లడం వచ్చా?"

"రాదు," అన్నారు మామగారు. "కూర ఇలా జరుపు."