కారేపల్లి బల్ల

చేయాల్సిన పనులు కుప్పలుగా ఉన్నాయి. ప్లాట్‌ఫాం అంచుకి తెల్లరంగు వేయాలి. పట్టాల మధ్య కంకర చల్లి జిగురు పొయ్యాలి. బల్ల అడుగున వైర్లు కలపాలి. మడతకాళ్లు బిగించాలి. బోర్డు మీద కారేపల్లి అని మూడు భాషల్లో రాయాలి. శనివారం పొద్దున్నే ఎగ్జిబిషన్‌కి అన్నీ వ్యాన్‌కెక్కించాలి. ఆ సాయంత్రం దివాకర్‌ని ఎయిర్‌పోర్ట్‌లో దింపాలి.

ఆ చివరి పనొక్కటే రవికాంత్‌కి మనసొప్పనిది.

నేపర్‌విల్ నుంచి చికాగోకి ఆఫీస్ ట్రైన్‌లో వెళ్తూ పరిచయమైనవాళ్లు ఇద్దరూ. రైలుపిచ్చి కలిపింది. రవికాంత్ బేస్‌మెంట్‌లో, బల్లల మీద, డోర్నకల్ జంక్షన్‌ని చిన్న సైజులో కట్టుకున్నారు. విడదీస్తే వ్యాన్‌లో పట్టేస్తుంది, ఎగ్జిబిషన్ హాల్లో బోల్టులు బిగిస్తే మళ్లీ స్టేషనైపోతుంది. ప్లాన్ గీసిందీ, పట్టాలు పరిచిందీ దివాకరే. అతని సొంతూరు కారేపల్లికి పోయే లైను మాత్రం ఆఖరి బల్ల అంచు దగ్గర తెగి ఆగిపోయేది. ఎప్పటికైనా పొడిగిద్దామనుకునేవాళ్లు. ఇంతలో దివాకర్ ఉద్యోగం పోయింది. కొత్తది దొరకలేదు. ఉద్యోగం లేకుండా వీసా మీద ఉండనిచ్చే గ్రేస్ పీరియడ్ అయిపోవచ్చింది.

“అన్నా, పొయ్యేలోపల జనం ముందర నా చేత్తోని మా ఊరికి ఒక్క బండి తోల్తనే. ఒక్కటే,” అన్నాడు.

“ఒక్కటేంటి, రోజంతా తోలుకో! బల్ల నేను చేస్తా, నువ్వు ఇల్లు ఖాళీ చేసుకో,” అని మాటిచ్చేశాడు రవికాంత్.

దివాకర్ ఇచ్చిన ప్లాన్‌లో కారేపల్లి రెండు చిన్న బల్లలు. రవికాంత్‌కి అది నచ్చలేదు. ప్లాట్‌ఫాం నడిమధ్యన అతుకు కనబడితే ఏం బావుంటుంది? వెళ్లిపోయే మనిషికిచ్చే కానుక కదా, నిండుగా ఉండాలనుకున్నాడు. చెప్పాపెట్టకుండా ఒకటే పొడుగు బల్ల చేసి, గుడ్డ కప్పి, దివాకర్‌ని చూడనివ్వలేదు.

శనివారం పొద్దున మిగతావన్నీ వ్యాన్‌కెక్కించాక గుడ్డ తీశాడు. దివాకర్ మోకాళ్ల మీద కూర్చుని, పట్టాల ఎత్తుకి కళ్లు తెచ్చి చూశాడు.

“అరె, అచ్చం మా స్టేషనే గదన్నా!”

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లేపారు. బేస్‌మెంట్ మెట్లు మధ్యలో మలుపు తిరుగుతాయి. అక్కడ ఇరుక్కుంది. నిలువుగా ఎత్తారు, పక్కకి వంచారు, గోడ గీరుకుపోయి తెల్లపొడి రాలింది. బల్ల మాత్రం కదల్లేదు.

“ఏవండీ, మెట్లు కొలవలేదా?” పైనుంచి రవికాంత్ భార్య రాగిణి అరిచింది.

“వ్యాన్ కొలిచాను.”

“వ్యాన్ దాకా ఎగిరెళ్తుందా అది?”

బల్లని మళ్లీ కిందికి దించారు. రవికాంత్ రంపం తెచ్చాడు. దివాకర్ చెయ్యి అడ్డం పెట్టాడు. “వద్దన్నా. అడుగున వైర్లన్నీ తెగుతయ్. ఇయ్యాల మళ్ల అతకవు. హాల్ తెరిచే టైమైంది, పోదాం పా.”

“పోనీ ఇక్కడే ఒక్కసారి నడుపు.”

“కంట్రోలర్ వ్యాన్ల, బండ్లు వ్యాన్ల, డోర్నకల్ వ్యాన్ల. ఏడికెల్లి వస్తదన్నా బండి?” అని నవ్వాడు. తిట్టినా బావుండేది, ఆ నవ్వుకి రవికాంత్ తలెత్తలేకపోయాడు.

హాల్లో జనం బాగానే వచ్చారు. అనుష్క అని ఒక చిన్నపిల్ల, తెగిపోయిన లైను మీద వేలుపెట్టి అడిగింది. “అంకుల్, ఈ ట్రాక్ ఎక్కడికి గోయింగ్?”

“కారేపల్లికి బిడ్డా.”

“అది ఎక్కడుంది?”

దివాకర్ రవికాంత్‌ని చూపించి, “ఈ అంకుల్ బేస్‌మెంట్ల ఉంది,” అన్నాడు. పిల్ల పకపకా నవ్వింది. రవికాంత్ అక్కర్లేకపోయినా వంగి ఒక బోల్టు బిగించాడు.

సాయంత్రం ఎయిర్‌పోర్ట్‌లో సారీ చెప్పబోయాడు. “ఎహె, ఊకో అన్నా,” అంటూ దివాకర్ ట్రాలీ తోసుకుంటూ లోపలికెళ్లిపోయాడు.

ఆ చలికాలం రవికాంత్ ఒక్కడే కూర్చుని బల్లని రెండుగా కోశాడు, ప్లాన్‌లో ఉన్నట్టే. వైర్లు మళ్లీ కలిపాడు. తర్వాతి ఎగ్జిబిషన్‌లో బండి కారేపల్లి చేరింది. అతుకు సంగతి ఒక్కరూ అడగలేదు. వీడియో పంపితే, ‘సూపరన్నా’ అని దివాకర్ దగ్గర్నించి మెసేజ్ వచ్చింది. అంతే. చూడటం వేరు, తోలడం వేరు. ఆ సంగతి రవికాంత్‌కి తెలుసు.

చికాగో వైపు ఏ ఎగ్జిబిషన్‌లోనైనా మీకు ఆ స్టేషన్ కనబడితే కాసేపు నిలబడండి. ఆ లైను గీసి, దాని మీద ఒక్క బండైనా తోలకుండా వెళ్లిపోయిన దివాకర్‌ని ఒకసారి తలుచుకోండి.